కిటికీ అక్క ఇంటికొచ్చిన ఫిర్యాదు

ఆఫీసు తలుపులు తెరవగానే కింది వరండా చివర చెక్క కిటికీ కూడా కిర్రుమంటూ తెరుచుకునేది. దాని వెనక కూర్చునే ఆవిడకి పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది గానీ ఊళ్ళో ఎవరికీ దానితో పని పడలేదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె కిటికీ అక్కే. కట్టుకున్న మొగుడు కూడా ఎప్పుడైనా సరదా పుడితే అలాగే పిలిచేవాడు.

మున్సిపాలిటీకి జనం చెప్పుకునే ఫిర్యాదులు వినడం ఆమె ఉద్యోగం. కొళాయి రాలేదని ఒకరు, కుక్కలు తరుముతున్నాయని ఒకరు, పక్కింటివాళ్ళు మెట్లు రోడ్డు మీదికి కట్టేశారని ఒకరు వచ్చేవారు. ఆమె వినాలి, పైకి చెప్పాలి. అంతే పని.

అయితే ఆ కుర్చీలో ఒక సంగతి ఉంది. అందులో కూర్చున్న మనిషి మనసుపెట్టి విన్న ఫిర్యాదు సాయంత్రానికి ఆ మనిషి ఇంటికి వచ్చేసేది. వీధి దీపం వెలగడం లేదని వింటే ఇంట్లో దీపం ఆరిపోయేది. కాలవ పొంగుతోందని వింటే వంటింట్లో మురుగు తేలేది. వీధిలో పని బాగయితే గానీ ఇంట్లో బాగయ్యేది కాదు. పిండిమర నడిపేవాళ్ళకి ఒంటి మీద పిండి పడుతుంది కదా, ఇదీ అలాంటిదేనని అందరూ అనుకునేవారు. అందుకే ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళకి ఆఫీసు వెనకాలే అద్దె లేని ఇల్లు ఒకటి ఇచ్చారు. వెనకటి రోజుల్లో ఇంజినీర్లు పొద్దున్నే ఆ ఇంటికి వచ్చి, గది గదీ చూసి, ఊళ్ళో ఎక్కడేం పాడైందో తెలుసుకుని పోయేవారట. తర్వాత వచ్చినవాళ్ళకి అంత తీరిక లేకపోయింది. రావడం మానేశారు. ఫిర్యాదులు మాత్రం రావడం మానలేదు.

కిటికీ అక్క కూడా చేరిన కొత్తలో అన్నీ విన్నది. ఒక పేటవాళ్ళు కొళాయిలో మురికినీళ్ళు వస్తున్నాయని చెప్తే కళ్ళ నీళ్ళు పెట్టుకుని మరీ విన్నది. ఆ సాయంత్రం నుంచి వాళ్ళింటి కొళాయిలోనూ అవే నీళ్ళు. కాచి వడగట్టినా కూతురికి పచ్చకామెర్లు వచ్చాయి. పిల్ల కళ్ళు పసుపు ముద్దలైపోయాయి. ఆస్పత్రిలో ఆ మంచం పక్కన కూర్చుని కిటికీ అక్క ఒక నిర్ణయానికి వచ్చింది. ఇక వినకూడదు.

వినకుండా ఉండటం కూడా ఒక విద్యే. చూపు మనిషి మీద ఉంచాలి, తల ఊపుతుండాలి, మనసు మాత్రం ఇంకెక్కడో ఉండాలి. ఆమె పద్దెనిమిదో ఎక్కం కింది నుంచి పైకి చదువుకునేది. రేపు పిల్ల డబ్బాలోకి ఏం వండాలో ఆలోచించుకునేది. నోటితో "ఊఁ... అలాగే... చూస్తాం" అంటుండేది. ఇల్లు పొడిగా, చక్కగా ఉండేది. పిల్ల కోలుకుంది.

"ఈ అమ్మాయి వచ్చాక ఊళ్ళో సమస్యలే లేకుండా పోయాయయ్యా!" అని ఛైర్మన్ మురిసిపోయేవాడు.

ఆ మురిపెంలోనే ఆయన ప్రజలకీ మున్సిపాలిటీకీ మధ్య మాటలు పెంచే కార్యక్రమం ఒకటి మొదలుపెట్టాడు. కిటికీకి అద్దం బిగించారు. బయటివాళ్ళు మాట్లాడ్డానికి మైకు, లోపల వినపడ్డానికి స్పీకరు పెట్టారు. వరుసలో నిలబడ్డవాళ్ళకి కుర్చీలు, చల్లటి నీళ్ళ కూజా ఏర్పాటు చేశారు. గోడ మీద ఒక పెద్ద చెవి బొమ్మ వేయించి, కింద "చెప్పండి, వింటున్నాం" అని రాయించారు. ప్రారంభోత్సవానికి పై అంతస్తులో సమావేశపు హాలంతా తివాచీలు పరిచి, మెత్తటి కుర్చీలు వేసి సిద్ధం చేస్తున్నారు.

ఆ రోజుల్లోనే ఇస్త్రీ పెద్దమ్మ తరచుగా వచ్చేది.

ఆమెది ట్యాంకు కింద వీధి. ఊరికంతటికీ నీళ్ళిచ్చే పాత ట్యాంకు ఒక దిబ్బ మీద ఉంది. దాని రాతిగోడకే వీపు ఆనించి కట్టుకున్న ఇళ్ళ వరుస ఆ వీధి. పెద్దమ్మ ముందుగదిలో బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. వెనక గదిలో తానూ, మనవరాలూ ఉంటారు. ఆ వెనక గోడ ఉబ్బుతోందని ఆమె ఫిర్యాదు. మొదట నెమ్మదిగా చెప్పింది. తర్వాత గట్టిగా చెప్పింది. తర్వాత ఏడ్చింది, తిట్టింది, అద్దం మీద అరచేత్తో కొట్టింది. ఎన్ని చేసినా లోపలున్న ఆవిడ ఎక్కం చదువుకుంటూ "చూస్తాం పెద్దమ్మా" అంటూనే ఉంది.

ఒకరోజు పెద్దమ్మ వచ్చి మైకు ముందు నోరు కదిపింది. స్పీకర్లో గరగర తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ కదిపింది. అరిచి అరిచి ఆమె గొంతు పూర్తిగా పోయింది. ఊపిరి తప్ప మాట లేదు.

కిటికీ అక్క అలవాటు మీద "ఊఁ" అనబోయి ఆగింది. దేనికి ఊఁ కొట్టాలి? వెనక వరుసలోవాళ్ళు చూస్తున్నారు. ఆమె కుర్చీలో ఉండే ముందుకు జరిగి, అద్దం అడుగున ఉన్న సందు దగ్గరికి వంగి, చెవి ఆనించింది.

"గోడ బాగా ముందుకొచ్చేసింది తల్లీ," అంది పెద్దమ్మ గుసగుసగా. "నిండు నెలల కడుపులా ఉంది. చెవి పెడితే లోపల నీళ్ళు కదులుతున్నాయి. పిల్లని ఆ గోడ వైపు పడుకోబెట్టాలంటే చేతులు రావడం లేదు. నా కాళ్ళ దగ్గర పడుకోబెడుతున్నాను. పడితే ముందు నా మీద పడుతుంది కదా అని."

"మీ మనవరాలికి ఎన్నేళ్ళు?" అని అడిగేసింది కిటికీ అక్క.

ఎక్కం ఎక్కడో జారిపోయింది. ఒక్క ముక్క పోకుండా మొత్తం వినేసింది.

సాయంత్రం ఆమె ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. గుమ్మంలోనే అత్తగారు ఎదురొచ్చింది. ఆవిడకి చెవులు సరిగా వినపడవు, అందుకని ప్రపంచమంతా చెవిటిదే అన్నట్టు గట్టిగా మాట్లాడుతుంది.

"కోడలా! మన హాల్లో ఈ గోడ ఎవరిదే? మధ్యాహ్నం నేనొక కునుకు తీసి లేచేసరికి వచ్చి నిలబడింది!"

హాల్లో తమ గోడ లేదు. దాని చోట రాతిగోడ ఒకటి ఉంది. సున్నం పెచ్చులు రాలి, తడికి నల్లబడి, మధ్యలో ముందుకు పొడుచుకుని వచ్చింది. ఒక పక్క బొగ్గుల ఇస్త్రీపెట్టె మసి అంటుకుని ఉంది. ఇంకో పక్క పెన్సిలుతో ఒకదాని మీద ఒకటి గీతలు ఉన్నాయి. ఎవరో ఒక పిల్ల ఎదుగుతుంటే కొలిచిన గీతలు. నేల నుంచి పైకప్పు దాకా మెలికలు తిరుగుతూ ఒక పగులు పాకి ఉంది.

కూతురు అప్పటికే చెవి ఆనించి వింటోంది. "అమ్మా, లోపల ఎవరో పొర్లుతున్నారు," అంది.

ఆమె పిల్లని రెక్క పట్టుకుని ఇవతలికి లాగింది.

మొగుడు స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లలందరినీ దింపి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ గోడని చూశాడు.

"ఎందుకు విన్నావు?" అన్నాడు.

"వినపడిందండీ."

"ఇన్నాళ్ళూ వినపడనిది ఇవాళే వినపడిందా?"

ఇద్దరూ కలిసి మంచాలు వంటింట్లోకి లాగారు.

మర్నాడు ఆమె కిటికీ తెరవకుండానే మేడ మెట్లెక్కి ఇంజినీరు దగ్గరికి వెళ్ళింది. ఒక్కసారి మా ఇంటికొచ్చి గోడ చూడండి సార్, ట్యాంకు ఖాళీ చేయించండి, అంది. ఇంజినీరు చెడ్డవాడు కాడు, తొందరలో ఉన్నవాడు. ప్రారంభోత్సవానికి వైర్లు సర్దిస్తున్నాడు.

"ఇళ్ళు చూసి ఊరి సంగతి తెలుసుకునే పద్ధతి ఎప్పుడో పోయిందమ్మా. ట్యాంకు ఖాళీ చేస్తే ఊరికి నీళ్ళెక్కడివి? ఛైర్మన్ గారు చెప్తే చూద్దాం."

ఛైర్మన్ హాల్లో కుర్చీల వరుసలు చూసుకుంటున్నాడు.

"ఫిర్యాదు మైకులో చెప్పిందా ఆవిడ?" అనడిగాడు.

"ఆవిడకి గొంతు లేదు సార్. పోయింది."

"మైకులో చెప్పకపోతే మనదాకా వచ్చినట్టు కాదు కదమ్మా. కొత్త పద్ధతి పెట్టుకున్నదే అందుకు." ఆమె మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. "నీ కష్టం నాకు అర్థమైంది. ఒక పని చెయ్యి. నిన్ను పన్నుల విభాగానికి మారుస్తాను. ఆ కుర్చీ వదిలిన క్షణం నీ ఇల్లు ఎప్పట్లా అయిపోతుంది. ఇప్పుడే మార్చమంటావా?"

"మధ్యాహ్నం చెప్తాను సార్," అని దిగి వచ్చేసింది.

ఇంటికెళ్ళేసరికి పగులు వేలు పట్టేంత అయింది. అందులోంచి సన్నగా నీళ్ళు కారుతున్నాయి. అత్తగారు దాని కింద బిందె పెట్టి కాపలా కూర్చుంది. మొగుడు విషయం విని ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"మారిపో! ఇంకా ఆలోచనేంటి?"

"నేను ఆ కుర్చీ వదిలేస్తే మన గోడ పోతుందండీ. వాళ్ళది పోదు."

"ఊరి గోడలన్నీ మనమే మొయ్యాలా? ఒకసారి మోశాం. పిల్లని దక్కించుకోవడానికి ఎంత ఏడ్చామో మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అందుకే ఇన్నాళ్ళు వినలేదు." ఆమె కారుతున్న నీళ్ళ కేసి చూసింది. "అక్కడ ఏమవుతోందో తెలిసేది ఈ ఒక్క చోటేనండీ. ఇది కూడా పోతే ఇక ఎవరికీ ఏమీ తెలీదు. మీరు అత్తయ్యనీ పిల్లనీ తీసుకుని వ్యానులో బయటికెళ్ళిపోండి. సామాన్లు చూడొద్దు."

"నువ్వో?"

"ఆ వీధికి వెళ్ళి చెప్తాను."

అతను ఇంకా ఏదో అనబోయాడు. గోడలో ఎక్కడో రాయి చిట్లిన చప్పుడు అయింది. మాట మింగేసి, తల్లిని చేతుల మీద ఎత్తుకున్నాడు. "బిందె నిండిపోతుందిరా!" అని ఆవిడ అరుస్తూనే ఉంది.

కిటికీ అక్క ట్యాంకు కింద వీధికి వెళ్ళడం అదే మొదలు. సన్నటి వీధి. గుమ్మాల్లో బట్టలు, కుట్టుమిషన్లు, ఎండబెట్టిన కట్టెలు. ఆమె వీధి మధ్యలో నిలబడి, గోడ పడిపోతోంది, అందరూ ఇప్పుడే బయటికి వచ్చేయండి అని కేకేసింది.

జనం వచ్చారు గానీ కదల్లేదు.

"నువ్వు ఆ కిటికీ దగ్గర కూర్చునే దానివి కదూ?" అంది కుట్టుమిషను ముందు కూర్చున్న ఆవిడ. "మేము చెప్పినన్నాళ్ళూ గోడ బాగానే ఉంది. ఇవాళ నువ్వొచ్చి చెప్తే పడిపోతుందా?"

"ఖాళీ చేయించి ఈ స్థలం ఎవరికి కట్టబెడతారో అది చెప్పు ముందు," అన్నాడు ఒకాయన.

"చూస్తాం అక్కా, చూస్తాం!" అని వెనక నుంచి ఎవరో అచ్చం ఆమె గొంతుతోనే అన్నారు. అందరూ నవ్వారు.

ఆమె చేతులు పట్టుకుంది, గడ్డాలు పట్టుకుంది. పిల్లల్నయినా పంపండని ఒక్కొక్క గుమ్మం ముందూ బతిమాలింది. తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. మూసిన తలుపు ముందు నిలబడి మాట్లాడటం ఎలా ఉంటుందో ఆమెకి మొదటిసారి తెలిసింది. చివరికి వీధిలోనే కూలబడింది. ఎండ నడినెత్తి దాటింది.

ఇస్త్రీ పెద్దమ్మ తన బల్ల దగ్గర నుంచి ఇదంతా చూస్తోంది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చి, ఆమె ముందు కూర్చుంది. ఏం కావాలన్నట్టు తలెగరేసింది.

"మా ఇంటికి రా పెద్దమ్మా. ఒక్కసారి వచ్చి చూడు. తర్వాత నీ ఇష్టం."

పెద్దమ్మ మనవరాలిని చంకనేసుకుని ఆమె వెంట నడిచింది. కిటికీ అక్క ఇంట్లో హాలంతా పాదం మునిగేటంత నీళ్ళున్నాయి. పెద్దమ్మ గోడని చూసింది. మసిని చూసింది. పెన్సిలు గీతల మీద చెయ్యి పెట్టి, చంకలో పిల్లని చూసింది. తన గోడే. కానీ తన గదిలో ఆ గోడకి ఒక బీరువా, దాని పక్కన ఇస్త్రీకి వచ్చిన మూటలు నిలువెత్తున ఉంటాయి. ఉబ్బు కనపడేది గానీ వాటి వెనక ఏముందో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ అడ్డం ఏమీ లేదు. పగులు ఇప్పుడు చెయ్యి దూరేటంత ఉంది.

పెద్దమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. అంత వయసులో అంత వేగంగా ఎవరూ పరిగెత్తి ఉండరు.

వీధిలోకి వెళ్ళి ఆమె తలుపులు బాదింది. తలుపు తీసినవాళ్ళకి నోరు కదిపి చెప్పింది. ఏమంటోందో వినపడక ఒక్కొక్కరూ దగ్గరికి వచ్చారు, తలలు వంచారు. విన్నవాళ్ళు పక్కవాళ్ళ చెవిలో చెప్పారు. ఎగతాళి చేసిన నోళ్ళే గుసగుసలాడాయి. ఇద్దరు మగాళ్ళు పెద్దమ్మ ఇంట్లోకి వెళ్ళి బీరువా ఇవతలికి లాగారు. లాగి, చూసి, వెనక్కి రాకుండానే కేక పెట్టారు. "పిల్లల్ని తియ్యండి! పిల్లల్ని తియ్యండి!"

కిటికీ అక్క మొగుడు తల్లినీ కూతురినీ దింపేసి, వ్యాను తీసుకుని వీధి మొదట్లోకి వచ్చి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. ముసలివాళ్ళనీ, పసివాళ్ళనీ, కాళ్ళు లేనివాళ్ళనీ ఎక్కించి తీసుకెళ్ళి దింపి, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వచ్చాడు. ఎక్కడికి తీసుకెళ్ళాలో ఎవరికీ తోచలేదు. ఊళ్ళో అంతమంది పట్టే చోటు ఒక్కటే ఉంది.

మెత్తటి కుర్చీల్లో, తివాచీల మీద, మసి చేతులతో, ఏడుస్తున్న పిల్లలతో వీధి వీధంతా కూర్చునేసరికి ఛైర్మన్ పరుగున వచ్చాడు.

"ఎవరు రమ్మన్నారు వీళ్ళని? నోటీసు ఎవరిచ్చారు? సమావేశం ఉందిక్కడ!"

అప్పుడు వినపడింది. ఉరుము కాదు. పెద్ద మనిషి ఎవరో అలిసిపోయి కూర్చున్నప్పుడు నిట్టూర్చినట్టు ఒక చప్పుడు, దాని వెనకే నేల అదురు. ట్యాంకు కింద వీధి మీద నుంచి నీళ్ళు పోయాయి. సరిగ్గా ఆ క్షణంలోనే ఆఫీసు వెనక ఇల్లు కూడా లోపలి నుంచి పగిలి కూలింది. ఎండిన పెరట్లోంచి నీళ్ళు ఉరికి వచ్చి ఆఫీసు మెట్లెక్కి, చెవి బొమ్మ అడుగు దాకా తడిపి ఆగాయి.

హాల్లో తల్లులు పిల్లల్ని పేరు పేరునా పిలుచుకున్నారు. ప్రతి పిలుపుకీ ఒక పలుకు వచ్చింది. ఒక్కరూ తగ్గలేదు. అది తెలిశాకే ఏడుపులు మొదలయ్యాయి. ఇల్లు, మిషను, మంచం, పెళ్ళిబట్టలు, బతికిన బతుకంతా ఆ బురద కిందే ఉంది.

కిటికీ అక్క ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆమె కొంగున ఇంటి తాళంచెవి ఇంకా ఉంది. పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నేను ముందే విని ఉంటే..." అంది కిటికీ అక్క.

"అవును," అంది పెద్దమ్మ ఊపిరితోనే. "ముందే విని ఉంటే నా ఇల్లు ఉండేది."

ఆ మాట వెనక్కి తీసుకోలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు. మనవరాలు నిద్రపోతుంటే కాళ్ళు చాపి దాని తల ఒళ్ళో పెట్టుకుంది, దాని పాదాలు కిటికీ అక్క ఒళ్ళోకి చేరాయి.

వాళ్ళందరికీ వేరే గూడు దొరికే దాకా హాల్లోనే ఉండమన్నారు. కిటికీ అక్క కుటుంబం కూడా అక్కడే ఒక మూల చాప వేసుకుంది. రెండో రోజో మూడో రోజో ఆమె కిందికి దిగి కిటికీ తెరిచింది. అద్దం పక్కకి తోసేసింది. మొదట వచ్చినాయన తమ వీధి మలుపులో చెత్త తియ్యడం లేదని చెప్పాడు. ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, వాసన ఇళ్ళలోకి వస్తోందా అని ఆమె అన్నీ అడిగి విన్నది.

సాయంత్రానికి ఛైర్మన్ గది గుమ్మంలో చెత్తకుప్ప వచ్చి కూర్చుంది.

ఇందులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆమె పడుకునే చోటే ఆమె ఇల్లు, ఇప్పుడది ఈ ఆఫీసే. ఇంజినీరు ముక్కు మూసుకుని లారీ కోసం పరిగెత్తాడు. ఆ తర్వాత పొంగిన కాలవ ఒకటి వచ్చి ఛైర్మన్ బల్ల కింద పారింది. ఆయన కాళ్ళు కుర్చీ మీదకి ముడుచుకుని ఆమెని పిలిపించాడు.

"నీకు రేపే ఇల్లు ఇప్పిస్తానమ్మా. మంచి ఇల్లు. ఊరి చివర, ప్రశాంతంగా ఉంటుంది."

"ముందు ట్యాంకు కింద వీధివాళ్ళకి ఇప్పించండి సార్. మిట్ట మీద, గట్టి నేలలో. వాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళాక చివరి ఇల్లు నాకు."

ఛైర్మన్ కింద పారుతున్న నీళ్ళని చూశాడు. ఇంజినీరుని పిలిచాడు. ఆ వారంలోనే మిట్ట మీద పునాదులు తవ్వడం మొదలైంది.

ఒకరోజు కిటికీ దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. నత్తి మనిషి, ఒక్కో మాటకీ చాలాసేపు పడుతోంది. కిటికీ అక్క చెంపకి చెయ్యి ఆనించుకుని ఆయన మొహంలోకే చూస్తోంది. పై అంతస్తు మెట్ల మీద నుంచి ఛైర్మన్ తల బయటికి పెట్టాడు.

"ఏమంటున్నాడమ్మా ఆయన?" గొంతులో ఆదుర్దా దాగలేదు.

ఆమె తల తిప్పకుండానే చేత్తో ఆగమంది.

"ఇంకా చెప్తున్నారు సార్. కిందికి రండి."